డంకన్ తాత మనవల పెళ్లి

1998 జూన్‌లో నేను మాధాపూర్‌లోని ఒక డేటా కన్వర్షన్ కంపెనీలో క్వాలిటీ మేనేజరుగా చేరాను. అంతకుముందు ప్రభుత్వ గణాంక కార్యాలయంలో చాలాకాలం పనిచేసి, స్వచ్ఛంద విరమణ తీసుకున్నదాన్ని. ఇక నేను ఇంటిపట్టున కూర్చుంటానని మావారు ఆశపడ్డారు. పాపం, ఆయన అమాయకత్వం అది.

ఆ రోజుల్లో మాధాపూర్ అంటే బండలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి లేస్తున్న అద్దాల భవనాలు. మా ఆఫీసు ఒక భవనం మూడో అంతస్తులో ఉండేది. పక్క స్థలంలో రోజూ బండలు పేల్చేవారు. పేల్చే ముందు ఎవరో ఈల వేసేవారు. ఆ ఈల వినగానే మా ఆపరేటర్లందరూ ఒక్కసారిగా ఫైలు సేవ్ చేసుకునేవారు, ఎందుకంటే ఆ అదురుకు ఒక్కోసారి కరెంటు పోయేది. కొత్తగా చేరినవాళ్లకు మేము నేర్పే మొదటి పాఠం అదే.

మా పని గురించి కొంచెం చెప్పాలి. అమెరికాలో వంశవృక్షాలు తయారుచేసి ఇచ్చే ఒక సంస్థ మా ప్రధాన క్లయింటు. అక్కడి పాత చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, భూమి దస్తావేజుల ఫొటోలను సీడీల్లో పెట్టి కొరియర్‌లో పంపేవారు. ఒక్కో పేజీని ఇద్దరు ఆపరేటర్లు, ఒకరిది ఒకరు చూడకుండా, టైపు చేసేవారు. దీన్ని డబుల్ కీయింగ్ అంటారు. కంప్యూటరు ఆ రెండింటినీ పోల్చి, తేడా ఉన్నచోట ఆగుతుంది. అప్పుడు టీమ్ లీడర్ అసలు ఫొటో చూసి తీర్పు చెబుతుంది. దీని వెనక ఉన్న సూత్రం చిన్నదే: ఇద్దరు మనుషులు ఒకే చోట ఒకే తప్పు చేయడం చాలా అరుదు. ఈ సూత్రాన్ని నేను ఎక్కాల పుస్తకాన్ని నమ్మినట్టు నమ్మేదాన్ని.

కీయింగ్ విభాగానికి టీమ్ లీడర్ నస్రీన్. మూసాపేట నుంచి వచ్చేది. పని దగ్గర మహా కోపిష్టి. తన టీమ్ కొట్టిన పేజీలో తప్పుందని ఎవరైనా అంటే, ఫొటో తెరిచి చూపించి, ఆ మనిషి చేత “సారీ” అనిపించుకునేదాకా వదిలేది కాదు. సాయంత్రం ఆమె భర్త స్కూటర్ మీద వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు. ఆయనకు మా ఆఫీసులో అందరూ తెలుసు.

1999 మొదట్లో క్లయింటు మాకు ఇంకో మెట్టు పైనున్న పని ఇచ్చింది. అక్షరాలు టైపు చేయడం కాదు, మనుషులను కలపడం. దాన్ని లింకింగ్ అనేవాళ్లం. ఫలానా పెళ్లి రికార్డులో ఉన్న మనిషి, ఫలానా జననాల రిజిస్టరులో ఉన్న బిడ్డ ఒకరేనా? వీలునామాలో చెప్పిన కొడుకు ఇతనేనా, పక్కూళ్లో ఉన్న అదే పేరు మనిషా? ఇక్కడా అదే పద్ధతి. ఇద్దరు లింకర్లు విడివిడిగా చూసి గ్రేడు వేయాలి. ‘ఏ’ అంటే రుజువైంది, ‘బీ’ అంటే కావచ్చు, ‘సీ’ అంటే కాదు. పక్కన ఒక్క వాక్యంలో కారణం రాయాలి. ఇద్దరి గ్రేడూ ఒకటైతే అది ఖాయమైనట్టే. వేరైతే నా బల్ల మీదికి వచ్చేది.

ప్రయోగంగా ఇచ్చిన మొదటి వృక్షం ఒక స్కాట్లండు బందీది. పదిహేడో శతాబ్దం మధ్యలో ఇంగ్లండుతో జరిగిన యుద్ధంలో స్కాట్లండు సైన్యం ఓడిపోయింది. పట్టుబడి, ఆకలికీ జబ్బుకూ తట్టుకుని బతికిన సైనికుల్లో కొందరిని ఓడలెక్కించి, ఇంగ్లండు వలసగా ఉన్న అమెరికా తీరానికి తోలారు. అక్కడ ఇనుప కొలిముల్లో, రంపపు మిల్లుల్లో కొన్నేళ్లు వెట్టిచాకిరీ చేస్తే ఆ తర్వాత విడుదల. అలా వచ్చినవాళ్లలో డంకన్ ఒకడు. ఇంటిపేరు చెప్పను, ఆ కుటుంబం ఇప్పటికీ ఉంది. అదొక పెద్ద తెగ పేరు కావడంతో, అదే ఇంటిపేరున్న బందీలు ఇంకొందరు కూడా ఆ తీరంలోనే దిగారు. మా పనిలో సగం తలనొప్పి దానితోనే.

లింకర్లు ఇద్దరు. సుజాత హఫీజ్‌పేట్ అమ్మాయి, పుట్టి పెరిగింది అక్కడే. ఓబులేసుది కడప వైపు, చందానగర్‌లో కాపురం. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరూ నోరున్నవాళ్లే. డంకన్ కథ చదివిన రోజు సుజాత కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, “పాపం మేడమ్, లడాయిల ఓడిండు, గంత దూరం వోయి కట్టెలు గోసిండు, మళ్ల ఇల్లు జూడలే,” అంది. మర్నాటి నుంచి అతను ఆఫీసులో డంకన్ తాత అయిపోయాడు. “డంకన్ తాత రెండో కొడుకు దొరికిండు” అని ఒకరు కేక వేస్తే గది గదంతా చూడటానికి లేచేది. క్రమశిక్షణ పేరుతో నేను కసురుకునేదాన్ని గానీ, ముందు లేచేది నేనే.

ఈ వృక్షం ఎవరికోసమో మాకు తెలుసు. మార్గరెట్ అని, ఎనభై దాటిన ఆవిడ. పిల్లలు లేరు, ఒంటరి మనిషి. తమది డంకన్ వంశమని వాళ్లమ్మ చెప్పేదట, కాగితం రుజువు మాత్రం లేదు. ఆ సెప్టెంబరులో డంకన్ సంతతి అంతా అతను పనిచేసిన మిల్లు వాగు పక్కన కలుసుకుని, అతని పేర ఒక రాయి నిలపాలని నిర్ణయించుకున్నారు. ఒక్కో శాఖను పేరుపెట్టి పిలుస్తారు, ఆ శాఖలో పెద్ద ఎవరో వాళ్లు లేచి వచ్చి రాయి దగ్గర నిలబడతారు. వృక్షంలో రుజువైనవాళ్లకే ఆ పిలుపు. మిగతావాళ్లు అతిథులు, వెనక కూర్చుంటారు. మార్గరెట్ గారికి ఆ పిలుపు కావాలి. ఆమెకు కావలసింది అదొక్కటే, అది మా చేతుల్లో ఉంది.

పని మొదలైన కొద్దిరోజులకే ఒక ఉపద్రవం వచ్చింది. ఒక రికార్డులో పెళ్లికాని మనిషి ఒకడు, అతని ఇంట్లో తల్లి చనిపోయిన మేనకోడలు సేరా ఉంది. తర్వాతి రికార్డులో అదే మనిషికి సేరా అనే భార్య ఉంది. సుజాత, ఓబులేసు ఇద్దరూ విడివిడిగా ఆ ఇద్దరు సేరాలూ ఒకరేనని తేల్చి ‘ఏ’ గ్రేడు వేశారు. అమెరికా వైపు సమన్వయకర్త కరోల్ అది చూసి, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. మేనమామ మేనకోడలిని పెళ్లాడటం వాళ్ల చర్చిలో ఘోరమైన నేరమట. అంత తేలిగ్గా ఎలా కలిపారని అడిగింది.

నేను ఇద్దరినీ పిలిచి అడిగాను. సుజాత ఆశ్చర్యపోయింది. “తల్లి లేని పిల్లను మేనమామ జేసుకోకపోతే ఇంకెవరు జేసుకుంటరు మేడమ్?” అంది. ఓబులేసు ఇంకా నొచ్చుకున్నాడు. “మా అక్క కూతురే మేడమ్ నా పెండ్లాము. ఏమి తప్పుండాది దాంట్లో?” అన్నాడు. నేనేం చెప్పను, మా ఇంట్లోనూ మేనరికాలకు కొదవలేదు. కరోల్‌కు మా వైపు ఆచారం వివరించాను.  ఆవిడ మర్యాదగానే, అక్కడి చర్చి ఏయే వరుసల మధ్య పెళ్లి నిషేధించిందో ఆ పట్టిక ఫ్యాక్స్ చేస్తానంది. పట్టిక వచ్చింది. మేనమామ, మేనత్త, అన్నాచెల్లెళ్లు, ఇలా. సేరాల లింకు తీసేసి, ఆ పట్టికను గోడకు అంటించాం. దగ్గర సంబంధం అనిపిస్తే ఒకటికి రెండుసార్లు చూడమని చెప్పాను. పాలు తాగి నోరు కాల్చుకున్నవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడంటారు కదా, అప్పటినుంచి మా వాళ్లు అలాగే తయారయ్యారు.

జులైలో వృక్షం పూర్తయింది. డంకన్‌కు ఇద్దరు కొడుకులు. పెద్దకొడుకు కొడుకు ఐజక్. చిన్నకొడుకు కూతురు హన్నా. ఇంతవరకు రుజువులు గట్టిగా ఉన్నాయి. రెండో వైపు నుంచి, అంటే మార్గరెట్ గారి నుంచి వెనక్కి వెళితే, ఆమె వంశం ఐజక్, హన్నా అనే దంపతుల దగ్గర మొదలవుతోంది. పెళ్లి రికార్డులో ఇద్దరికీ డంకన్ ఇంటిపేరే ఉంది. మరి ఆ దంపతులూ, డంకన్ మనవడు ఐజక్, మనవరాలు హన్నా ఒకరేనా? సుజాత సీ గ్రేడు వేసింది. ఓబులేసు సీ గ్రేడు వేశాడు. ఇద్దరూ రాసిన కారణం దాదాపు ఒకటే: వీళ్లు అన్నదమ్ముల బిడ్డలు, పెళ్లి కుదరదు, దంపతులు అదే ఇంటిపేరున్న వేరే బందీల మనవలై ఉంటారు. ఇద్దరి గ్రేడూ కలిసింది కాబట్టి కంప్యూటరు ఆగలేదు. నా బల్ల మీదికీ రాలేదు. వచ్చినా నేను వేసే గ్రేడు అదే అయ్యుండేది. తిరస్కరించిన లింకుల వివరాలు అమెరికాకు పంపే ఆనవాయితీ లేదు, పూర్తయిన వృక్షం మాత్రమే వెళ్లింది. అందులో మార్గరెట్ గారు లేరు.

ఆగస్టు మొదట్లో ఆవిడ రాసిన ఈమెయిల్‌ను కరోల్ మాకు పంపింది. ఒక్క నిష్ఠూరపు మాట లేదు. శ్రద్ధగా పనిచేసినందుకు మాకు ధన్యవాదాలు చెప్పారు. అమ్మ పొరపాటు పడి ఉంటుందని, సెప్టెంబరులో వెళ్లి వెనక కూర్చుని చూసి వస్తానని రాశారు. తిట్టి ఉంటే బాగుండేది.  ఆ రోజంతా నేను ఫైళ్ల మీద అనవసరంగా చిరాకు పడ్డాను.

మధ్యాహ్నం అందరం కలిసే తినేవాళ్లం. ఓబులేసు డబ్బా తెరిచి, తినకుండా కూర్చున్నాడు. “అవ్వ యెనక కుర్చీలో కూర్చోవాలంట,” అన్నాడు. నస్రీన్‌కు సంగతి తెలియదు, కీయింగ్ పని వేరు కదా. ఏమైందని అడిగింది. సుజాత చెప్పింది. నస్రీన్‌కు వెంటనే కోపం వచ్చింది, తన టీమ్ పనిని అనుమానిస్తున్నారని. “ఆ పెళ్లి రికార్డు మేమే కొట్టినం. ఐజక్, హన్నా, పేర్లు సాఫ్ ఉన్నయి. మళ్ల ఏంది పరేషాన్?” అంది.

“పేర్లు సరే అక్కా. గా ఐజక్, గా హన్నా అయితే అన్నాచెల్లెండ్లయితరు. అన్నదమ్ముల పిల్లలు. గట్లెట్ల జేసుకుంటరు?” అంది సుజాత.

నస్రీన్ చేతిలో రొట్టె పక్కన పెట్టింది. “ఎట్ల జేసుకుంటరంటే ఏంది? నేను జేసుకోలేదా? మా ఆయన మా చాచా కొడుకే!”

రోజూ స్కూటర్ మీద వచ్చే ఆ మనిషి మా అందరికీ తెలుసు. ఆయన ఆమెకు చిన్నాన్న కొడుకని మాకెవరికీ తెలియదు, మేము అడగలేదు. సుజాత, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ చూపు నస్రీన్‌కు నచ్చలేదు. ఓబులేసు వైపు తిరిగి, “నువ్వు అక్క బిడ్డను జేసుకున్నవ్. మా తాన అది హరామ్. నేనేమన్న అన్ననా నిన్ను?” అని నిలదీసింది. “అనలేదక్కా,” అన్నాడు ఓబులేసు, బుద్ధిగా. ముందు నస్రీనే నవ్వింది. తర్వాత అందరం నవ్వాం.

నవ్వు ఆగాక నేను గోడ దగ్గరికి వెళ్లి కరోల్ పంపిన పట్టిక మళ్లీ చదివాను. అందులో పెదనాన్న పిల్లలు, చిన్నాన్న పిల్లలు అన్న ఊసే లేదు. ఇన్ని నెలలు గోడ మీద ఉన్నా ఆ లేకపోవడం మాకు కనబడలేదు. మా లెక్కలో వాళ్లు అన్నాచెల్లెళ్లే కాబట్టి, అన్నాచెల్లెళ్లు అన్న మాటలో వాళ్లూ వచ్చేశారనుకున్నాం. ఆ సాయంత్రం కరోల్‌ను అడిగాను. ఆ కాలంలో, ఆ ఊళ్లలో, అన్నదమ్ముల బిడ్డల పెళ్లికి చట్టం అడ్డు కాదని, చర్చీ అడ్డు కాదని, అలాంటివి అక్కడక్కడా జరిగేవని జవాబు వచ్చింది. మొదటిరోజే అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా అని కూడా రాసింది. నిజమే, అడగనిదే అమ్మయినా పెట్టదు.

అయితే పెళ్లి జరగవచ్చు అని తేలినంత మాత్రాన జరిగిందని తేలినట్టు కాదు. రుజువు కావాలి, రాయి నిలపడానికి ఎక్కువ వ్యవధి లేదు. సుజాత, ఓబులేసు, నస్రీన్ ముగ్గురినీ ఆ పని మీదే కూర్చోబెట్టాను. ఐజక్ తండ్రి చివరికాలంలో వేరే ఊరికి మారాడు. ఆ ఊరి వీలునామాలు వేరే సీడీలో ఉన్నాయి. నస్రీన్ టీమ్ వాటిని ఎప్పుడో టైపు చేసి పెట్టింది కూడా. లింకు తిరస్కరించాక ఇంకా వెతకాల్సిన పని ఉండదు కాబట్టి ఎవరూ అటు చూడలేదు. మూడోరోజు సుజాత కేక వేసింది. ఐజక్ తండ్రి తన వీలునామాలో ఒక ఆవును, ఒక ఇత్తడి కాగును ‘నా కొడుకు ఐజక్ భార్య, నా తమ్ముడి కూతురు హన్నాకు’ ఇచ్చాడు.

ముసలాయన ఎంత మంచివాడో చూడండి, తమ్ముడి కూతురిని కోడలిగా తెచ్చుకుని, ఆ సంగతి ఏ మొహమాటమూ లేకుండా రాసి పెట్టాడు. నాకు ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. నస్రీన్ అసలు ఫొటో తెరిచి ఒక్కో అక్షరం సరిచూసింది. పద్ధతి ప్రకారం, అప్పుడే కొత్తగా చేరిన, ఈ గొడవేమీ తెలియని ఇంకో లింకరుకు ఆ కాగితాలు విడిగా ఇచ్చి గ్రేడు వేయించాను. ‘ఏ’ వచ్చింది. ఓబులేసు మొట్టమొదటిసారి తన ‘సీ’ కొట్టేసి ‘ఏ’ రాశాడు. సవరించిన వృక్షం, వీలునామా నకలు, పాత గ్రేడు ఎందుకు తప్పయిందో చెప్పే నోటు, మూడూ కలిపి అదేరోజు పంపాం. నోటులో సంతకం నాది. తిలాపాపం తలా పిడికెడు కాబట్టి అందులో ఎవరి పేరూ విడిగా రాయలేదు.

సెప్టెంబరులో కరోల్ రెండు లైన్లు రాసింది. శాఖలను పిలిచినప్పుడు మార్గరెట్ గారిని పేరుపెట్టి పిలిచారని, ఆమె ముందువరుసలోంచి లేచి వెళ్లి రాయి దగ్గర నిలబడిందని. సుజాత ఆ ఈమెయిల్‌ను ప్రింటు తీసి, గోడ మీద పట్టిక పక్కన అంటించింది. ఓబులేసు అందరికీ మిఠాయి పంచాడు. మాకేమీ కాని ఒక ముసలావిడ, ఎన్నడూ చూడని ఒక రాయి పక్కన నిలబడిందని మాధాపూర్‌లో అంత సంబరం చేసుకున్నాం.

తర్వాత మార్గరెట్ గారు స్వయంగా రాశారు. వాళ్లమ్మ డంకన్ కథ ఎంతో ఇష్టంగా చెప్పేదట. మధ్యలో ఆ దంపతుల దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేదట, చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా అంతే. అక్కడా కాలం మారి, దాయాదుల పెళ్లి తలవంపుగా తోచే రోజులు వచ్చాయి, ఇంట్లో ఆ ముడిని దాచేశారు. ‘మా అమ్మ సిగ్గుపడి వదిలేసిన చోటే మీరూ ఆగిపోయారు. అందుకు నాకు కోపం రాలేదు, ఆమె గుర్తొచ్చింది’ అని రాశారు ఆవిడ. సముద్రాల అవతల ఒక ఇల్లు, ఇక్కడ ఒక ఆఫీసు, రెండూ ఆ దారాన్ని ఒకేచోట తెంపాయి. చేతి పొరపాటు కాదది. జరగకూడదని మనసు ముందే చెప్పేసింది, కళ్లు వెతకడం మానేశాయి.

ఈ వ్యవహారం తర్వాత లింకింగ్ విభాగం పద్ధతులు మార్చాను. నస్రీన్‌ను ఒప్పించి లింకింగ్‌కు తీసుకున్నాను. కీయింగ్ పేజీల మీద ఆఖరి మాట తనదే ఉండాలని షరతు పెట్టింది, సరేనన్నాను. ఒక రికార్డుకు ఇద్దరిని వేసేటప్పుడు జిల్లాలు వేరైతే చాలదని, ఇళ్లలో ఆచారాలు కూడా వేరుగా ఉన్నవాళ్లను చూసి వేయాలని నియమం పెట్టాను. హఫీజ్‌పేట్‌కూ కడపకూ ఎంత దూరమైనా, వరుసల దగ్గరికి వచ్చేసరికి సుజాత, ఓబులేసు ఒక్కరే. ఒక్కరు రెండుసార్లు చెప్పినదాన్ని నేను ఇద్దరి మాటగా లెక్కవేశాను. ఇద్దరి మాట కలిసిందంటే నిజం తేలిందని కాదు, ఆ ఇద్దరూ వేరువేరుగా ఆలోచించగలవాళ్లయితేనే ఆ కలయికకు విలువ. గణాంక కార్యాలయంలో అన్నేళ్లు పనిచేసినా ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

తిరస్కరించిన ప్రతి లింకునూ కూడా తనిఖీకి తెప్పించుకునేదాన్ని. రికార్డులో ఉన్న కారణం చూపిస్తే సంతకం పెట్టేదాన్ని. ‘అలా జరగదు’ అని మాత్రమే రాసి ఉంటే, దాని కింద ‘ఎవరింట్లో?’ అని రాసి వెనక్కి పంపేదాన్ని. రిటైరయ్యేదాకా అలాగే పంపాను.